ఇంటి గ్యారేజీకి హైడ్రాలిక్ ప్రెస్: టన్నుల కంటే ముందు ఫ్రేము చూడండి

మీ ప్రశ్న ఇదీ: ఇంట్లో పాత స్విఫ్ట్, ఒక బుల్లెట్, పొలం దగ్గర 5 హెచ్‌పీ మోటారు ఉన్నాయి, వీటి బేరింగులూ బుష్‌లూ ఇకమీదట మీరే మార్చుకోవాలనుకుంటున్నారు. అందుకు వాడే హైడ్రాలిక్ ప్రెస్, అంటే నూనె జాకీతో వస్తువును నొక్కే యంత్రం కోసం చూస్తే, ఆన్‌లైన్‌లో 12 టన్నుల ప్రెస్సూ 20 టన్నుల ప్రెస్సూ ఇంచుమించు ఒకే ధరలో కనపడ్డాయి. ఏది తీసుకోవాలి, 20 టన్నులు నొక్కితే కింద పార్కింగ్ టైల్స్ పగిలిపోవా అని అడిగారు. ఫొటోలు కూడా పెట్టారు, వాటి సంగతి చివర్లో చెబుతాను. ఆటోనగర్‌లో లేత్ మీదా ప్రెస్ మీదా పని చేస్తూనే జుట్టు నెరిసింది నాకు, కాబట్టి జవాబు కాస్త పొడుగ్గానే ఉంటుంది, ఓపిగ్గా చదవండి.

టూకీగా అయితే 20 టన్నులు, నేల మీద నిలబడే హెచ్ ఆకారపు ఫ్రేము, చేత్తో కొట్టే పంపు. ఇక్కడితో ఆపేయొచ్చు. ఆపితే మాత్రం మీరు రేపే వెళ్లి స్టిక్కర్ మీద 20 అని రాసి ఉన్న పల్చటి సరుకు ఒకటి తెచ్చుకుంటారు. టన్నులనేది జాకీకి ఉండే అంకె. జాకీ పోతే రాణిగంజ్‌లోనో విజయవాడ ఆటోనగర్‌లోనో ఇంకోటి తెచ్చి కాసేపట్లో మార్చేస్తారు. ఫ్రేము వంగిందంటే మాత్రం నేరుగా పాత ఇనుము కొట్టుకే. అందుకే డబ్బు ఇనుముకు పెట్టండి, స్టిక్కర్‌కు పెట్టకండి.

అంతకంటే ముందు ఒక మాట అడగాలి, ప్రెస్ మీకు నిజంగా కావాలా? ఏడాదికి ఒకటో రెండో బేరింగులు మార్చేవాళ్లు నకిల్ (ముందు చక్రం బేరింగు కూర్చునే ఇనుప భాగం) విప్పి లేత్ షాపుకు పట్టుకెళితే నిమిషాల మీద కొట్టి ఇస్తారు, ఖర్చు కూడా పెద్దగా ఉండదు. మోటారు బేరింగులకైతే మంచి పుల్లర్ (బేరింగును పట్టి లాగే పనిముట్టు) ఒకటీ, ఎక్కించడానికి ఒక గొట్టం ముక్కా ఉంటే సరిపోతుంది. ఉదాహరణకు 6205 నంబరు బేరింగు ఉంది, లోపల 25, బయట 52, మందం 15 మిల్లీమీటర్లు. ఇంత చిన్నదాని కోసం ఎవరూ ప్రెస్ కొనక్కర్లేదు. ప్రెస్ ఎక్కడ అక్కరకొస్తుందంటే కారు ముందు చక్రం బేరింగు, లోయర్ ఆర్మ్ బుష్‌లు, జీపుల్లో ప్రొపెల్లర్ షాఫ్ట్ క్రాసులు, బైక్ క్రాంక్ విడదీయడం, వంగిన బ్రాకెట్లు సరిచేయడం, ఇలాంటి పనులకి. వీటిలో రెండు మూడు మీరు తరచూ చేస్తారంటేనే కొనండి. సరదా కోసం కొనుక్కున్నా తప్పేం లేదు లెండి, మనలో చాలామంది అలా కొన్నవాళ్లమే.

టన్నుల విషయం. కొత్త బేరింగు శుభ్రమైన గూట్లోకి ఎక్కడానికి పట్టే బలం తక్కువ. మన లెక్కంతా పాతది బయటికి రావడం గురించే. వానల్లో, బురదలో ఏళ్ల తరబడి తిరిగిన నకిల్‌లో బేరింగు బయటి రింగు తుప్పుతో అతుక్కుపోయి ఉంటుంది, ఎక్కించినప్పుడు పట్టిన బలానికి ఎన్నో రెట్లు అడుగుతుంది. 12 టన్నుల ప్రెస్ కూడా చాలాసార్లు తీసేస్తుంది, కాకపోతే దాని చివరి అంచు దాకా వెళ్లి తీస్తుంది. ఫ్రేము మూలుగుతుంటే, పంపు హ్యాండిల్ మీద ఒళ్లంతా వేసి నొక్కాల్సి వస్తే ఆ పని మీద అదుపు ఉండదు. 20 టన్నుల ప్రెస్ అదే పనిని తన బలంలో సగానికి కాస్త పైన వాడి చేసేస్తుంది. 30, 50 టన్నులు లారీ కింగ్ పిన్నులకు, ట్రాక్టర్ పనులకు. ఇంట్లో అక్కర్లేదు, జరపడానికే నలుగురు మనుషులు కావాలి. మీకు బైకులు మాత్రమే ఉండుంటే బెంచీ మీద పెట్టే 10, 12 టన్నులది చాలనే అనేవాణ్ణి.

ఇక ఫ్రేము. ఇక్కడ చిన్న లెక్క వేస్తే అమ్మేవాడి మాట వినక్కర్లేదు. 20 టన్నులంటే ఇంచుమించు 200 కిలోన్యూటన్లు. కింద వస్తువును పెట్టే బెడ్డు రెండు సి-ఛానళ్లతో (సి ఆకారపు ఇనుప దూలాలతో) ఉంటుంది, అవి రెండు పక్కలా పిన్నుల మీద కూర్చుంటాయి. పిన్నుల మధ్య దూరం 50 సెంటీమీటర్లనుకోండి, నడిమధ్యలో నొక్కితే బెడ్డు మీద పడే బెండింగ్ మూమెంట్, అంటే దాన్ని వంచే బలం లెక్క, 25 కిలోన్యూటన్ మీటర్లు. మన దగ్గర దొరికే 100 బై 50 ఛానల్, అదే ఐఎస్ఎంసీ 100, దాని సెక్షన్ మాడ్యులస్, అంటే వంపుకు ఎంత తట్టుకుంటుందో చెప్పే అంకె, 37 ఘనపు సెంటీమీటర్ల చిల్లర. రెండు కలిపినా 75 దాటదు. మూమెంట్‌ను దాంతో భాగిస్తే ఒత్తిడి 330 మెగాపాస్కల్స్ పైన వస్తుంది. మామూలు ఎమ్మెస్ (మైల్డ్ స్టీల్) ఇనుము 250 దగ్గరే లొంగిపోతుంది. అంటే రెండు 100 ఛానళ్ల బెడ్డు మీద నిజంగా 20 టన్నులు వేస్తే అది వంగి, వంగినట్టే ఉండిపోతుంది. 125 ఛానళ్లయితే 188 దగ్గర వస్తుంది, వంగదు గానీ మార్జిన్ తక్కువ. 150 బై 75 ఛానళ్లు రెండు వేస్తే 120 చిల్లరకు దిగుతుంది, మధ్యలో కుంగేది మిల్లీమీటరులో ఆరో వంతు. నిజానికి ప్లేట్ల మీద బరువు కొంత పరుచుకుంటుంది కాబట్టి లెక్కలో వచ్చినంత ఉండదు, అయినా నేను ఎప్పుడూ నడిమధ్యన పడిందనే లెక్క వేస్తాను, ఎందుకంటే ఏదో ఒక రోజు మీరు సన్నటి దిమ్మ ఒకటి మధ్యలో పెట్టి నొక్కుతారు.

పై దూలానికీ ఇదే లెక్క, జాకీ నెట్టేది దాన్నే కదా. నిలువు కాళ్ల మీద పడేది లాగుడు మాత్రమే, చెరో 100 కిలోన్యూటన్లు, అందుకు 100 ఛానల్ సరిపోతుంది. ఇలా కట్టిన ఫ్రేము బరువు మీరే లెక్కేసుకోవచ్చు. 150 ఛానల్ మీటరుకు 16 కిలోల పైచిలుకు, 100 ఛానల్ తొమ్మిదిన్నరకు కాస్త అటూఇటూ. కాళ్లు, దూలాలు, పాదాలు, జాకీ అన్నీ కలిపితే 90 నుంచి 100 కిలోల దగ్గర తేలుతుంది. కాబట్టి 20 టన్నుల ప్రెస్ అని చెప్పి మొత్తం బరువు 50 కిలోలని రాసి ఉంటే ఆ ఇనుము ఎక్కడ మిగిల్చారో మీకు అర్థమైపోవాలి. ఆన్‌లైన్‌లో వస్తువు బరువు దాదాపు అందరూ వేస్తారు, ముందు అది చూడండి.

పిన్నులు చాలామంది చూడరు. ఒక్కో పక్క పిన్ను మీద 100 కిలోన్యూటన్లు పడతాయి, పిన్ను రెండు చోట్ల తెగాలి కాబట్టి ఆ బలం రెండుగా పంచుకుంటుంది. 16 మిల్లీమీటర్ల ఎమ్మెస్ పిన్ను అయితే షియర్ (అడ్డంగా తెంపే) ఒత్తిడి 250 దగ్గరికి వస్తుంది, ఎమ్మెస్ కడ్డీ 145 దగ్గరే లొంగుతుంది. 20 మిల్లీమీటర్లది కూడా 160 దగ్గర, అంచు దాటినట్టే. 25 అయితే 102, నిశ్చింత. తక్కువ రకం ప్రెస్సుల్లో పిన్నులు కొన్నాళ్లకు అరటిపండులా వంగి రంధ్రంలోంచి బయటికి రావు, బెడ్డు ఎత్తు మార్చాలంటే సుత్తి పట్టాల్సిందే. మీకు నచ్చిన ప్రెస్‌లో అన్నీ బాగుండి పిన్నులే సన్నగా ఉంటే రంధ్రాలు పెద్దవి చేయించి 25 మిల్లీమీటర్ల ఈఎన్8 (ఎమ్మెస్ కంటే గట్టి ఉక్కు) కడ్డీ లేత్‌లో కోయించుకోండి, పెద్ద ఖర్చు కాదు. కాకపోతే రంధ్రం పెంచాక ఛానల్ అంచుకు తగినంత ఇనుము మిగులుతోందా అని చూసుకోవాలి.

జాకీలు రెండు రకాలు. ఒకటి, మామూలు బాటిల్ జాకీని నిటారుగానే ఒక కదిలే పలక మీద నిలబెట్టి, దాని రామ్ (బయటికి వచ్చే కడ్డీ) పై దూలాన్ని నెడుతుంటే ఆ పలక కిందికి దిగేట్టు చేసినది. రెండు పక్కలా రెండు స్ప్రింగులు ఉంటాయి, వాల్వు వదలగానే పలకను పైకి లాగేస్తాయి. రెండోది, సిలిండరు పై దూలానికి బిగించి, పంపు పక్కన విడిగా పెట్టి, మధ్యలో హోస్ పైపు వేసి, పైన గేజ్ పెట్టినది. రెండోదే మంచిది, ఖరీదు కూడా దానికి తగ్గట్టే. ఇంటికి మొదటి రకం చాలు. ఒక్క జాగ్రత్త, మామూలు బాటిల్ జాకీని తలకిందులుగా బిగించి ప్రెస్ చేయాలని చూడకండి, ట్యాంకులో నూనె పక్కకు పోయి పంపు గాలి పీలుస్తుంది, హ్యాండిల్ ఊగుతుంది తప్ప రామ్ కదలదు. యూట్యూబ్‌లో తలకిందులుగా కనపడేవి అందుకోసమే తయారైనవి, లేదా లోపల గొట్టం మార్చినవి.

గేజ్ ఉంటే బాగుంటుందా అంటే బాగుంటుంది. 60 మిల్లీమీటర్ల పిస్టన్ ఉన్న సిలిండరులో 700 బార్ ఒత్తిడి వస్తే 20 టన్నులు. గేజ్ ముల్లు ఎక్కుతూ ఉండి వస్తువు కదలట్లేదంటే ఎక్కడో ఏదో తప్పు జరుగుతోంది, సర్క్లిప్ (బేరింగు జారకుండా గాడిలో వేసే రింగు) తీయడం మరిచిపోయి ఉంటారు, లేదా కింద ఆనిక తప్పు చోట పడి ఉంటుంది. గేజ్ లేకపోయినా చేతికి ఆ సంగతి తెలుస్తుంది, అందుకే కంప్రెసర్ గాలితో నడిచే ఎయిర్ హైడ్రాలిక్ జాకీ మొదటి ప్రెస్‌కు వద్దంటాను. పని తొందరగా అవుతుంది, నిజమే, కానీ ట్రిగ్గర్ నొక్కితే బలం ఎంత పెరిగిందో చేతికి తెలియదు. హ్యాండిల్ కొడుతుంటే బరువు ఎక్కడం, ఆగడం, జారడం అన్నీ అరచేతిలోకి వస్తాయి.

జాకీలో నూనె తగ్గితే హైడ్రాలిక్ ఆయిల్ 32 గానీ 46 గానీ పోయండి. షెడ్డులో ఉంది కదా అని బ్రేక్ ఆయిల్ పోస్తే లోపలి రబ్బరు సీళ్లు ఉబ్బిపోతాయి, జాకీ విప్పాల్సిందే.

బెడ్డులో కొలవాల్సినవి రెండు: కాళ్ల మధ్య వెడల్పు, రెండు బెడ్డు ఛానళ్ల మధ్య సందు. నకిల్‌కు స్టీరింగ్ ఆర్మ్, కింద బాల్ జాయింట్ చెవి, పైన షాక్ అబ్సార్బర్ బిగించే కొమ్ము ఉంటాయి, ఇవి ఎటు తిప్పినా ఏదో ఒక కాలికి తగులుతాయి. 50 సెంటీమీటర్ల లోపు వెడల్పు ఉంటే కుస్తీ పట్టాల్సి వస్తుంది. సందు మరీ ఇరుకైతే హబ్ (చక్రం బిగించే పళ్లెం ఉన్న భాగం) కిందికి దిగదు, మరీ వెడల్పైతే చిన్న వస్తువులకు ఆనిక దొరకదు. నాకైతే 13, 14 సెంటీమీటర్లు బాగా కుదిరింది. ప్రెస్‌తో పాటు వి ఆకారంలో కోసిన రెండు మందపాటి ప్లేట్లు ఇస్తారు, ఆర్బర్ ప్లేట్లంటారు. చవక ప్రెస్సుల్లో అవి బీడువి, అంటే పోత ఇనుమువి. బీడు నొక్కుడుకు ఆగుతుంది గానీ వంపుకు ఆగదు, చెప్పాపెట్టకుండా పగులుతుంది, ముక్క ఎటు ఎగురుతుందో దేవుడికే తెలియాలి. సుత్తితో మెల్లగా తట్టి చూడండి, ఉక్కు అయితే ఖంగుమని మోగుతుంది, బీడు మొద్దుగా పలుకుతుంది. బీడువైతే పక్కన పడేసి పాత ఇనుము కొట్టులో 25 మిల్లీమీటర్ల ఎమ్మెస్ ప్లేటు ముక్కలు రెండు కిలోల లెక్కన కొనుక్కుని గ్యాస్ కటింగ్ చేయించుకోండి.

టైల్స్ సంగతి. మీలాగే చాలామంది అడుగుతారు. 20 టన్నుల బలం నేల దాకా రాదు. జాకీ పై దూలాన్ని ఎంత బలంతో పైకి నెడుతుందో వస్తువు ద్వారా బెడ్డును అంతే బలంతో కిందికి నెడుతుంది, ఆ రెంటినీ కాళ్లు పట్టుకుని ఉంటాయి, లెక్క ఫ్రేము లోపలే తీరిపోతుంది. నేల మోసేది ప్రెస్ బరువు, పైన పెట్టిన వస్తువు బరువు, అంతే. వంద కిలోలకు మీ టైల్స్‌కు ఏమీ కాదు, పాదాల కింద రబ్బరు షీటు వేస్తే గీతలు కూడా పడవు. నిజమైన భయం వేరే ఉంది. దీని బరువంతా పైనే ఉంటుంది, పాదాలు ఇరుకు, పిల్లలు పట్టుకుని ఊగితే మీదపడుతుంది. గోడకు ఒక బ్రాకెట్ వేసి కట్టేయండి, లేదా నాలుగు యాంకర్ బోల్టులు దించండి.

స్విఫ్ట్ ముందు బేరింగు పని ఎలా సాగుతుందో చెబుతాను, ప్రెస్‌లో ఏవి ఎందుకు చూడమన్నానో దాంతో తెలుస్తుంది. నకిల్ విప్పి బెడ్డు మీద హబ్ పళ్లెం కిందికి ఉండేట్టు పెట్టి, బేరింగు గూడు చుట్టూ ఉన్న మందపాటి భాగానికి రెండు పక్కలా ప్లేట్లు ఆనించండి, కొమ్ముల మీద కాదు. బేరింగు లోపలి రింగు రంధ్రం కంటే ఒక మిల్లీమీటరు చిన్నదైన ఎమ్మెస్ బిళ్లను హబ్ మొన మీద పెట్టండి. రామ్ దించి తగిలించాక ఆగి, మూలమట్టం పెట్టి రెండు దిక్కులా చూడండి, రామ్ నిటారుగా ఉందా అని. అప్పుడు కొట్టడం మొదలుపెట్టండి. మొదట హ్యాండిల్ బరువెక్కుతుంది, ఫ్రేము కిరకిరలాడుతుంది, ఉన్నట్టుండి 'ఠాప్' మని ఒక్క చప్పుడు, హ్యాండిల్ వదులైపోతుంది. తెలియనివాళ్లు ఏదో విరిగిందని దడుసుకుంటారు, అది తుప్పు పట్టు వదిలిన చప్పుడు. అక్కణ్ణుంచి హబ్ మెల్లగా దిగుతుంది, కింద ఒక గోనెసంచి మడిచి వేసి ఉంచండి, పళ్లెం నేల మీద పడకుండా.

హబ్ వచ్చాక చూస్తే బేరింగు లోపలి రింగుల్లో ఒకటి హబ్‌కే అంటుకుని వచ్చేసి ఉంటుంది. కంగారుపడకండి, మామూలే. బేరింగ్ సెపరేటర్ ఉంటే దాంతో తీయండి, లేకపోతే గ్రైండర్‌తో రింగు మీద ఏటవాలుగా సన్నటి గాడి చేసి, హబ్‌కు తగలకముందే ఆపి, ఉలి పెట్టి ఒక్క దెబ్బ వేస్తే చిట్లి వదులైపోతుంది. అప్పుడు సర్క్లిప్ తీసి, గూట్లో మిగిలిన బేరింగును బయటి రింగు మీద ఆనించి నొక్కి తీసేయండి. గూడు ఎమెరీతో తుడిచి కొత్త బేరింగు పెట్టేటప్పుడు బయటి రింగునే నొక్కాలి. ఏబీఎస్ ఉన్న బండి అయితే బేరింగుకు ఒక పక్క నల్లటి అయస్కాంత సీలు ఉండొచ్చు, ఆ పక్క సెన్సార్ వైపుకే రావాలి, తిరగేస్తే మళ్లీ మొదటికొస్తుంది. ఇంతవరకూ దాదాపు అందరూ సరిగ్గానే చేస్తారు. తప్పు జరిగేది ఆఖర్న, హబ్‌ను కొత్త బేరింగులోకి దించేటప్పుడు. పైనుంచి హబ్ లోపలి రింగును నెడుతుంది కదా, అడుగున ఆ లోపలి రింగుకే ఆనిక ఉండాలి, సరిపోయే గొట్టం ముక్క ఒకటి పెట్టి. అలా కాకుండా నకిల్‌ను బెడ్డు మీద ఆనించి నొక్కితే ఆ బలమంతా గుండ్ల మీదుగా బయటి రింగులోకి పోతుంది, గుండ్లు ట్రాక్ మీద సన్నటి గుంటలు చేస్తాయి. చేత్తో తిప్పితే బాగానే తిరుగుతుంది, బండి ఎక్కించి కొన్నాళ్లు తిప్పాక హోరు మొదలవుతుంది, అప్పుడు బేరింగు కంపెనీని తిట్టుకుంటాం.

దీన్ని బట్టి తెలిసేది ఏమిటంటే ప్రెస్ ఖర్చులో కొంత బిళ్లలకూ గొట్టాలకూ పక్కన పెట్టుకోవాలి. లేత్ షాపులో ఎమ్మెస్ కడ్డీ నుంచి 20 మిల్లీమీటర్ల వ్యాసం మొదలుకొని 80 దాకా అయిదేసి మిల్లీమీటర్ల తేడాతో బిళ్లలు, మందపాటి సీమ్‌లెస్ పైపులోంచి నాలుగైదు ముక్కలు, రెండు మొహాలూ సమంగా ఫేసింగ్ చేయించి పెట్టుకోండి. సాకెట్లను బిళ్లలుగా వాడడం అందరూ చేస్తారు, నేనైతే చేయొద్దంటాను. వాటి ఉక్కు గట్టిది, సన్నటి గోడ, పగిలితే తూటాలా వస్తుంది. పాత బేరింగు రింగులదీ అదే తీరు.

బుల్లెట్ గురించి విడిగా ఒక మాట. క్రాంక్ కేసులో బేరింగులకు ప్రెస్ జోలికి పోకండి. కేసు అల్యూమినియం, వేడికి ఉక్కు కంటే దాదాపు రెండింతలు సాగుతుంది. 52 మిల్లీమీటర్ల గూటి వేడిని ఉన్నదాని మీద 80 డిగ్రీలు పెంచితే బేరింగుకూ గూటికీ మధ్య తేడా 0.045 మిల్లీమీటర్ల దగ్గర వస్తుంది, పట్టు వదలడానికి మామూలుగా అది చాలు. కేసును ఓవెన్‌లో పెట్టి, కొత్త బేరింగును ముందు రాత్రి ఫ్రీజర్‌లో పెట్టి ఉంచితే చేత్తో వేస్తే కూర్చుంటుంది. చల్లటి అల్యూమినియంలోకి ప్రెస్‌తో తోస్తే గూడు గీరుకుపోయి వదులైపోతుంది. ఓవెన్ సంగతి ఇంట్లో ఎలా ఒప్పిస్తారో మీ ఇష్టం. ఉక్కు షాఫ్ట్ మీదికి ఎక్కించే బేరింగునే వేడి చేయాల్సి వస్తే 110 డిగ్రీలు దాటనివ్వకండి, సీళ్లున్నదైతే ఇంకా తక్కువే, గ్యాస్ మంట అసలు చూపించొద్దు. క్రాంక్ పిన్ మార్చే పని మాత్రం మొదట్లో లేత్ షాపుకే ఇవ్వండి, నొక్కడం తేలికే, తర్వాత క్రాంక్ రెండు చక్రాలనూ డయల్ గేజ్ పెట్టి వందో వంతు మిల్లీమీటర్లలో సరిచేయడమే విద్య.

జాగ్రత్తలు చెప్పకపోతే నిద్రపట్టదు. కళ్లజోడు సరిపోదు, మొహమంతా కప్పే షీల్డ్ పెట్టుకోండి. బరువు ఎక్కుతున్నప్పుడు వస్తువుకు ఎదురుగా నిలబడకండి, కాలు పక్కన నిలబడి కొట్టండి. ముందు భాగంలో పాత కన్వేయర్ బెల్టు ముక్క వేలాడదీయండి, వర్క్‌షాపుల్లో కూడా అదే చేస్తారు. చెప్పులతో ప్రెస్ దగ్గరికి రావద్దు. బిళ్ల మీద బిళ్ల, దాని మీద ఇంకో బిళ్ల పేర్చి నొక్కొద్దు, మధ్యది జారి పక్కకు దూకుతుంది. షాక్ అబ్సార్బర్ స్ప్రింగును ప్రెస్‌లో అదిమి విప్పుదామని కొందరికి ఆలోచన వస్తుంది, వద్దంటే వద్దు, ఆ పనికి పంజరం ఉన్న స్ప్రింగ్ కంప్రెసర్ వేరే ఉంది. హోస్ ఉన్న ప్రెస్ అయితే నూనె ఎక్కడ చిమ్ముతోందో అని చేత్తో తడమొద్దు, అట్టముక్క అడ్డం పెట్టి చూడండి. అంత ఒత్తిడిలో సూది మొనంత చిల్లులోంచి వచ్చే నూనె చర్మంలోకి దూసుకుపోతుంది, పైకి చిన్న చుక్కలా కనపడుతుంది, లోపల చెయ్యి పాడవుతుంది. అలా జరిగితే నొప్పి లేదని ఇంట్లో కూర్చోకుండా వెంటనే పెద్దాసుపత్రికి పోవాలి, హైడ్రాలిక్ నూనె లోపలికి పోయిందని డాక్టరుకు ఆ మాటే చెప్పాలి.

ఎంత కొట్టినా కదలట్లేదంటే బలం పెంచకండి. ముందు సర్క్లిప్, లాక్ పిన్ను ఏవైనా మిగిలాయా అని చూడండి. ఏమీ లేవని రూఢి అయితే తుప్పు వదిలించే నూనె కొట్టి, బరువు అలాగే వదిలి దూరంగా వెళ్లి టీ తాగి రండి. చాలాసార్లు మీరు లేనప్పుడే వదులుతుంది.

చేయించుకోవడం ఎలా ఉంటుందంటే, మంచి వెల్డర్ తెలిసుంటే నేను అటే మొగ్గుతాను. ఛానల్ కిలోల లెక్కన కొని, పై లెక్క ప్రకారం బెడ్డుకూ పై దూలానికీ 150, కాళ్లకు 100 వేయించండి. రెండు విషయాల్లో పట్టుబట్టాలి. పిన్ను రంధ్రాలు గ్యాస్‌తో కోయకూడదు, కాళ్లు రెండూ ఒకదానికొకటి క్లాంపు వేసి మ్యాగ్నెట్ డ్రిల్లుతో ఒకేసారి వేయాలి. ఒక పక్క రంధ్రం రెండు మిల్లీమీటర్లు పైకి ఉన్నా బెడ్డు వంకరే, వంకర బెడ్డు మీద ఏ బేరింగూ నిటారుగా దిగదు. రెండోది, పై దూలాన్ని కాళ్లకు అతికించిన వెల్డింగ్ ఒక్కదాని మీదే బలం నిలబడకూడదు, దూలం 25 మిల్లీమీటర్ల పిన్నులకో హైటెన్సిల్ బోల్టులకో ఆని ఉండాలి, వెల్డింగ్ కదలకుండా పట్టడానికి మాత్రమే. జాకీ తగిలేచోట ఛానల్ లోపల అడ్డంగా ప్లేటు ముక్కలు అతికించమనండి, లేకపోతే ఛానల్ పెదవులు ముడుచుకుంటాయి. మామూలు 6013 వెల్డింగ్ రాడ్డు కంటే 7018 మంచిది, దాన్ని తేమ లేకుండా ఎండబెట్టి వాడే వెల్డర్ అయితేనే.

సెకండ్ హ్యాండ్ దొరికితే వదలొద్దు, పాత వర్క్‌షాపుల సరుకు కొత్తవాటి కంటే బరువుగా ఉంటుంది. బెడ్డు అడుగున దారం లాగి కట్టి చూడండి, వంపు కనపడిపోతుంది. పిన్ను రంధ్రాలు కోడిగుడ్డు ఆకారంలోకి సాగాయా, వెల్డింగ్ పక్కన వెంట్రుక లాంటి పగులు ఉందా, రామ్ మీద గీతలున్నాయా చూసుకోండి. మందపాటి దిమ్మ పెట్టి బరువెక్కించి పది నిమిషాలు వదిలేయండి. రామ్ దానంతటదే వదులైతే సీళ్లు పోయినట్టే, ఆ మేరకు బేరమాడొచ్చు, సీలు కిట్లు హైడ్రాలిక్ షాపుల్లో దొరుకుతాయి. గీతలు పడిన రామ్ అయితే కొత్త సీలు కూడా నిలవదు, ఆ జాకీ లెక్కలో వేసుకోకండి.

మీరు పెట్టిన ఫొటోలకొస్తే, 12 టన్నులది చూడకండి, కాళ్ల మధ్య వెడల్పు చాలదు, మీ నకిల్ అందులో తిరగదు. 20 టన్నులదాంట్లో బెడ్డు ఛానల్ పక్కనున్న జాకీ హ్యాండిల్‌తో పోలిస్తే 100 లాగే కనపడుతోంది, పిన్నులు కూడా సన్నమే. అమ్మేవాణ్ణి మూడు అడగండి: మొత్తం బరువెంత, బెడ్డు ఛానల్ కొలతెంత, పిన్ను వ్యాసమెంత. బెడ్డు 125 అయినా అయి, పిన్నులు మార్చుకునే వీలుంటే తీసుకుని 15 టన్నుల ప్రెస్ అనుకుని వాడుకోండి. 100 అయితే మాత్రం ఆ డబ్బుతో వెల్డింగ్ షాపుకు వెళ్లండి. కాళ్ల మధ్య మీకెంత చోటు కావాలో నకిల్ విప్పినప్పుడు టేపు పెట్టి కొలిచి ఇక్కడ రాస్తే, ఛానల్ ఏ కొలతకు కోయించాలో నేను లెక్కేసి చెబుతాను.